చక్కెర కొలత చేతికి వచ్చిన చరిత్ర

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిపై సూర్యాపేట, కోదాడ పట్టణములు ఉన్నవి. సూర్యాపేటకు దక్షిణముగా, సికింద్రాబాదు–గుంటూరు రైలుమార్గమున మిర్యాలగూడ ఉన్నది. ఈ మూడు పట్టణములలోని మందుల దుకాణములలో నేడు అరచేతిలో ఇమిడిపోవు ఒక చిన్న యంత్రము దొరకును. దాని పేరు గ్లూకోమీటరు. వ్రేలికొనపై సూదిమొనతో గ్రుచ్చి, వచ్చిన చిన్న రక్తపు బొట్టును దానిలోని పట్టీకి తాకించినచో కొద్ది సెకన్లలో ఒక అంకె కనిపించును. రక్తములో ఆ సమయమున ఎంత చక్కెర ఉన్నదో ఆ అంకె తెలుపును.

మధుమేహమును వాడుకలో చక్కెర వ్యాధి అనియు, 'షుగర్' అనియు అందురు. దాని చరిత్రను మందుల చరిత్రగా చెప్పుట పరిపాటి. కాని అది కొలత చరిత్ర కూడ. చక్కెరను కొలుచు సాధనము ఒకప్పుడు రసాయన శాస్త్రజ్ఞుని బల్లపై ఉండెను. తరువాత ఆసుపత్రికి వచ్చెను. చివరకు రోగి చేతికి చేరెను. ఈ ప్రయాణమునకు సుమారు రెండువందల సంవత్సరములు పట్టినది. కొలత చేతికి వచ్చిన తరువాత చేయవలసిన పని మాత్రము ఇంకను మిగిలియే ఉన్నది.

చీమలు, రుచి, స్ఫటికములు

ఈ వ్యాధిని భారతీయ వైద్యులు చాల పూర్వమే గుర్తించిరి. మధుమేహము అను పేరులోనే తేనె ఉన్నది. రోగి మూత్రమునకు చీమలు పట్టుటను వారు గమనించిరి. పుట్టుకతో వచ్చు మేహము వేరు, అపథ్యమువలన వచ్చునది వేరు అని సుశ్రుత సంహిత విభజించినది. నేటి వైద్యులు చెప్పు మొదటి రకము, రెండవ రకము అను విభజనకు ఇది కొంత దగ్గరగా ఉన్నది.

ఐరోపాలో 1674లో థామస్ విల్లిస్ అను ఆంగ్ల వైద్యుడు రోగుల మూత్రము తియ్యగా ఉండునని వ్రాసెను. ఆ తీపి ఏ పదార్థముదో ఆయన చెప్పలేదు. 1776లో లివర్‌పూల్ నగరమున మాథ్యూ డాబ్సన్ అను వైద్యుడు మూత్రమును కాచి ఆవిరిచేయగా, చక్కెరవంటి తెల్లని పదార్థము మిగిలెను. రోగి రక్తపు రసము కూడ తియ్యగా ఉండుటను ఆయన గుర్తించెను. అనగా తీపి మూత్రపిండములలో పుట్టుట లేదు, రక్తములోనే ఉన్నది. 1815లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రూల్ ఈ చక్కెర ద్రాక్షపండ్లలోని చక్కెరయే అని తేల్చెను. దానినే ఇప్పుడు గ్లూకోజు అందురు.

నీలి ద్రావణము

పదార్థము తెలిసిన తరువాత దానిని పట్టుటకు సులభమైన మార్గము కావలసి వచ్చెను. గ్లూకోజునకు ఒక గుణము ఉన్నది. క్షారముతో కలిసిన రాగి లవణమును దానితో వేడిచేసినచో నీలిరంగు పోయి ఎఱ్ఱని రాగి ఆక్సైడు ఏర్పడును. ఈ గుణమును ఆధారము చేసికొని 1841లో ట్రోమర్, 1848 ప్రాంతమున ఫేలింగ్ పరీక్షలు రూపొందించిరి. ఇరువురును జర్మనీ దేశస్థులు. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో అమెరికాలో స్టాన్లీ బెనెడిక్ట్ ఆ ద్రావణమును మెరుగుపరచి, ఎక్కువకాలము నిలువయుండునట్లు చేసెను.

బెనెడిక్ట్ పరీక్షను ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో నేటికిని చేయుచున్నారు. అయిదు మిల్లీలీటర్ల నీలి ద్రావణములో ఎనిమిది చుక్కల మూత్రము వేసి మరిగించవలెను. చక్కెర లేనిచో నీలిరంగు మారదు. కొద్దిగా ఉన్నచో ఆకుపచ్చ, ఇంకొంచెము ఉన్నచో పసుపు, ఆ తరువాత నారింజ, చాల ఎక్కువైనచో ఇటుక ఎఱుపు కనిపించును. ఒక పరీక్షనాళిక, ఒక సారాయి దీపము, ఒక ద్రావణపు సీసా ఉన్నచోటనెల్ల ఈ పరీక్ష సాధ్యమైనది. అందుచేత అనేక దశాబ్దములపాటు చిన్న ఆసుపత్రులకు ఇదియే ఆధారముగా నిలిచినది.

మత్తడి చెప్పని సంగతి

కాని మూత్ర పరీక్షలో ఒక పెద్ద లోపము ఉన్నది. సూర్యాపేట ప్రాంతమున చెరువు ఎరుగని విద్యార్థి ఉండడు కనుక, చెరువునే ఉదాహరణముగా తీసికొనవచ్చును. చెరువు నిండిన తరువాతనే మత్తడి దుంకును. మత్తడిపై నీరు పోవుచున్నదనిన చెరువు నిండినదని తెలియును. మత్తడి ఎండి ఉన్నప్పుడు చెరువులో సగము నీరు ఉన్నదో, అడుగంటినదో దానిని చూచి చెప్పలేము.

మూత్రపిండములు అట్టి మత్తడివంటివి. సాధారణముగా రక్తములో ఒక డెసిలీటరునకు 180 మిల్లీగ్రాముల వరకు గ్లూకోజు ఉన్నను, మూత్రపిండములు దానిని తిరిగి రక్తములోనికే పంపివేయును. ఆ హద్దు దాటినప్పుడే అది మూత్రములోనికి పొర్లును. పరగడుపున 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఉన్నచో మధుమేహమని నేటి వైద్యులు నిర్ణయించుచున్నారు. రక్తములో 150 మిల్లీగ్రాములున్న వాని మూత్రము నీలిద్రావణమును మార్చకపోవచ్చును. అంతేకాదు, చక్కెర 70 కన్న తగ్గి ప్రమాదములో ఉన్నవానిని కూడ ఈ పరీక్ష పట్టలేదు. ఆరోగ్యవంతునికి వచ్చు నీలిరంగే వానికిని వచ్చును. చెరువులోని నీటిమట్టము తెలియవలెననిన చెరువులోనే కొలకఱ్ఱ పాతవలెను. అనగా రక్తమునే పరీక్షింపవలెను.

బోస్టనులో రంగుల కొలత

రక్తమును పరీక్షించుటకు మొదట చాల రక్తము కావలసి వచ్చుచుండెను. ఒకే రోగికి మాటిమాటికి ఆ పరీక్ష చేయుట సాధ్యము కాకపోయెను. 1913లో స్వీడనులో ఐవర్ బాంగ్ కొద్దిపాటి రక్తముతో చేయు పద్ధతిని ప్రకటించెను. 1919–20లో అమెరికాలోని బోస్టనులో, హార్వర్డు వైద్యకళాశాలకు చెందిన ఓటో ఫోలిన్, చైనా దేశస్థుడైన హ్సియెన్ వూ కలిసి మరియొక పద్ధతిని రూపొందించిరి. వారు రక్తము నుండి మాంసకృత్తులను తొలగించి, మిగిలిన ద్రవమును రాగి ద్రావణముతో వేడిచేసిరి. దానికి మాలిబ్డినము గల ఆమ్లమును చేర్చగా నీలిరంగు వచ్చెను. ఆ రంగు ఎంత గాఢమైనచో చక్కెర అంత ఎక్కువ. రంగు గాఢతను పోల్చి చూచు పరికరముతో చక్కెర మోతాదు తెలిసెను.

ఫోలిన్ శాఖలోనే తరువాత ఒక ఆంధ్రుడు చేరెను. ఆయన భీమవరములో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1923లో బోస్టను చేరి, సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేసెను. 1925లో వారిరువురు రక్తములోను మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. అందులో కూడ మాలిబ్డినపు నీలిరంగే కొలతకు ఆధారము. ఇది మధుమేహపు పరీక్ష కాదు. అయినను కణములోనికి ప్రవేశించిన గ్లూకోజునకు మొట్టమొదట అతుకునది ఫాస్ఫేటే కనుక, చక్కెర శరీరములో ఎట్లు ఖర్చగుచున్నదో తెలిసికొనుటకు భాస్వరపు కొలత తోడ్పడినది. రంగును అంకెగా మార్చు ఆ విద్యలో ఒక తెలుగువాని పేరు శాశ్వతముగా నిలిచినది.

ఇన్సులిన్ తెచ్చిన అవసరము

1889లో జర్మనీలో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అను ఇరువురు ఒక కుక్కకు క్లోమగ్రంథిని తీసివేయగా దానికి మధుమేహము వచ్చెను. వ్యాధి మూలము ఆ గ్రంథిలో ఉన్నదని తెలిసెను. 1921లో కెనడాలోని టొరంటో నగరమున ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ ఆ గ్రంథి నుండి తీసిన రసమును మధుమేహము గల కుక్కలకు ఎక్కించిరి. వాటి రక్తములో చక్కెర తగ్గెను. తగ్గినదని వారికి తెలిసినది కొలతవలననే. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి ఆ మందు ఇచ్చిరి. మొదటి మోతాదు అంతగా పనిచేయలేదు. కొలిప్ అను శాస్త్రజ్ఞుడు శుద్ధిచేసిన రసము ఇచ్చిన తరువాత బాలుని పరిస్థితి కుదుటబడెను. ఆ మందే ఇన్సులిన్. 1923లో బాంటింగ్, మక్లియాడ్‌లకు నోబెల్ బహుమానము లభించినది.

ఇన్సులిన్ ప్రాణము పోయు మందు. అయినను మోతాదు మించినచో రక్తములో చక్కెర పడిపోయి ప్రాణాపాయము కలుగును. తిన్న తిండి, చేసిన పని, తీసికొన్న మందు ఈ మూడును ప్రతిదినము సరితూగవలెను. వారమునకు ఒకసారి వైద్యుని చూచినంతమాత్రమున అది సాధ్యము కాదు. అందుచేత బోస్టనులోని ఎలియట్ జోస్లిన్ అను వైద్యుడు రోగులకే పాఠములు చెప్పి, మూత్రమును ఇంటివద్ద పరీక్షించుకొను పద్ధతిని నేర్పెను. ఆయన దృష్టిలో బోధించుట చికిత్సలో ఒక భాగము. రోగి విద్యార్థి అయినది అప్పటి నుండియే.

బూజు నుండి కాగితపు పట్టీకి

ఇంటిలో ద్రావణము మరిగించుట శ్రమతో కూడిన పని. 1941లో అమెరికాలో ఒక మాత్ర వచ్చెను. దానిని మూత్రములో వేసినచో తనంతట తానే వేడెక్కి రంగు మారును. 1956లో ఆల్‌ఫ్రెడ్ ఫ్రీ, హెలెన్ ఫ్రీ దంపతుల కృషిఫలితముగా ముంచి చూచు కాగితపు పట్టీ వచ్చెను. దీనిలో రాగి లేదు. 1928లో ముల్లర్ అను శాస్త్రజ్ఞుడు నల్లబూజులో కనుగొనిన ఒక ఎంజైము ఉన్నది. దాని పేరు గ్లూకోజ్ ఆక్సిడేజు. రాగి ద్రావణము ఇతర పదార్థములకు కూడ రంగు మారును. ఈ ఎంజైము మాత్రము గ్లూకోజునే ఎన్నుకొని దానిపై పనిచేయును. ఆ చర్యలో పుట్టిన హైడ్రోజన్ పెరాక్సైడు పట్టీలోని రంగును మార్చును.

అదే సూత్రముతో 1965 ప్రాంతమున రక్తమునకు కూడ పట్టీ వచ్చినది. రక్తపు బొట్టు వేసి, సరిగా ఒక నిమిషము ఆగి, నీటితో కడిగి, రంగును సీసాపై అచ్చువేసిన రంగులతో పోల్చవలెను. కంటిచూపుతో పోల్చుటలో పొరపాట్లు వచ్చుచుండుటచే, 1970లో ఆ రంగును వెలుతురుతో చదువు యంత్రమును అమ్మకమునకు తెచ్చిరి. అది ఒక కిలోగ్రాము బరువు గలది, మిక్కిలి ఖరీదైనది. దానిని వైద్యుల కొరకును ఆసుపత్రుల కొరకును ఉద్దేశించిరి.

రిచర్డ్ బెర్న్‌స్టైన్ అను అమెరికా ఇంజనీరు బాల్యము నుండి మధుమేహ రోగి. ఆయన భార్య వైద్యురాలు. ఆమె పేరుతో ఆ యంత్రమును తెప్పించుకొని, ఆయన దినమునకు పలుమార్లు తన రక్తమును తానే పరీక్షించుకొనుచు, ఏది తిన్నచో చక్కెర ఎంత పెరుగుచున్నదో వ్రాసికొనెను. ఆ అనుభవమును వైద్య పత్రికలు తొలుత లెక్కచేయలేదు. తరువాత ఆయన నడివయస్సులో వైద్యవిద్య చదివి తానే వైద్యుడయ్యెను.

1962లో లేలండ్ క్లార్క్ ఎంజైమును విద్యుద్ధ్రువముతో జోడించు ఉపాయమును ప్రకటించెను. ఆ మార్గముననే 1987లో రంగును గాక విద్యుత్తును కొలుచు కలమువంటి పరికరము ఇండ్లకు చేరెను. నేటి గ్లూకోమీటర్లు చాలవరకు ఈ జాతివే. గ్లూకోజుపై ఎంజైము పనిచేయునప్పుడు పుట్టు సూక్ష్మమైన విద్యుత్ప్రవాహమును అవి అంకెగా మార్చును.

కొలిచినందువలన లాభమేమి?

ఇంత శ్రమపడి చక్కెరను అదుపులో ఉంచినచో నిజముగా మేలు కలుగునా అను ప్రశ్నకు 1993 వరకు గట్టి జవాబు లేదు. అమెరికా, కెనడా దేశములలో మొదటి రకపు మధుమేహము గల 1441 మందిని అనేక సంవత్సరములు పరిశీలించిరి. దినమునకు పలుమార్లు కొలుచుకొని ఇన్సులిన్ మోతాదును సవరించుకొన్నవారిలో, అంతకుముందు కంటిజబ్బు లేనివారికి అది వచ్చు ప్రమాదము 76 శాతము తగ్గెను. మూత్రపిండములకు, నరములకు కలుగు హాని కూడ బాగుగా తగ్గెను. 1998లో బ్రిటనులో ముగిసిన మరియొక దీర్ఘ పరిశీలన, రెండవ రకపు మధుమేహములో కూడ చక్కెర అదుపు కండ్లను, మూత్రపిండములను కాపాడునని చూపినది.

కాని 2017లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన వేరొక పాఠము నేర్పినది. ఇన్సులిన్ తీసికొనని 450 మంది రెండవ రకపు రోగులలో, దినదినము కొలుచుకొన్నవారికిని, కొలుచుకొననివారికిని ఒక సంవత్సరము తరువాత చక్కెర అదుపులో చెప్పుకొనదగిన భేదము కనిపించలేదు. ఇన్సులిన్ తీసికొనువారు అంకెను చూచి మోతాదు సవరించుకొందురు. ఇతరులు అంకెను చూచి ఊరకున్నచో అంకె ఏమి చేయగలదు? అంకె తరువాత తిండిలోనో, నడకలోనో, మందులోనో ఒక మార్పు రావలెను. ఇక మూడు నెలల సగటును తెలుపు పరీక్ష వేరే ఉన్నది. ఎఱ్ఱకణములలోని హీమోగ్లోబినునకు అతికిన చక్కెరను అది కొలుచును. 1968లో ఇరాను దేశమున శామ్యూల్ రాహ్బర్ చేసిన పరిశీలన దానికి నాంది. దానిని హెచ్‌బిఎ1సి అందురు.

కాలువ వచ్చిన సీమలో

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములను తడిపినది. జొన్న, సజ్జ పండిన మెట్టనేలలలో వరి పెరిగినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినది. జొన్నరొట్టె, గట్క తిన్న ఇండ్లలో మూడుపూటల తెల్లని అన్నము సాధ్యమైనది. ఆకలి తీరుట గొప్ప మేలు. అయితే పాలిషు పట్టిన బియ్యములో పీచు తక్కువ, అందలి పిండి త్వరగా గ్లూకోజుగా మారును. అదే కాలములో దున్నుటకు ట్రాక్టరు, కోయుటకు యంత్రము, పోవుటకు మోటారు సైకిలు వచ్చి శరీరశ్రమ తగ్గినది. అన్నము ఒక్కటే వ్యాధికి కారణమనుట పొరపాటు. వంశము, వయస్సు, నడుము చుట్టు చేరిన కొవ్వు, శ్రమలేమి అన్నియు కలిసి పనిచేయును.

1972–75 నడుమ భారత వైద్య పరిశోధన మండలి ఆరు కేంద్రములలో జరిపిన పరిశీలనలో పట్టణములలో 2.1 శాతము, పల్లెలలో 1.5 శాతము మందికి మధుమేహము కనిపించెను. 2000లో ఆరు పెద్ద నగరములను పరీక్షింపగా హైదరాబాదు 16.6 శాతముతో అన్నిటికన్న ముందు నిలిచెను. 2006లో వెలువడిన పరిశోధనలో గోదావరి జిల్లాల పల్లెలలో ముప్పది ఏండ్లు దాటినవారిలో సుమారు 13 శాతమునకు ఈ వ్యాధి ఉన్నట్లు తేలినది. వారిలో ఇంచుమించు సగముమందికి ఆ సంగతి అంతకుముందు తెలియదు. 2023లో ప్రకటించిన అంచనా ప్రకారము దేశములో రోగులు 10 కోట్లు దాటిరి. ఈ పరిశీలనల పద్ధతులు ఒకటి కావు కనుక అంకెలను సూటిగా పోల్చరాదు. అయినను వ్యాధి నగరము నుండి పల్లెకు నడచినదని అవి స్పష్టముగా చూపుచున్నవి.

తెలియని ఆ సగముమంది విషయమే ముఖ్యమైనది. మధుమేహము మొదట నొప్పి పుట్టించదు. కాలిపుండు మానకపోవుట, చూపు మసకబారుట వంటి గుర్తులు కనిపించుసరికి లోపల హాని జరిగియుండును. ముప్పది ఏండ్లు దాటిన వారికి రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయు కార్యక్రమము ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉన్నది. ఆశా కార్యకర్త పిలిచినప్పుడు పోయి పరీక్ష చేయించుకొనుట మొదటి మెట్టు.

కొలత పుస్తకము

యంత్రము కొన్నవారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. పరీక్షకు ముందు చేతులు సబ్బుతో కడిగి ఆరనీయవలెను. మామిడిపండు ఒలిచిన వ్రేలిపై అంటిన తీపి చాలును, అంకె అబద్ధమాడును. వ్రేలి మొన నడుమ గాక ప్రక్కన గ్రుచ్చినచో నొప్పి తక్కువ. ఒకరు వాడిన సూది మరియొకరు వాడరాదు. పట్టీల డబ్బాకు మూత బిగించి, గడువు తేదీ చూడవలెను. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల ఎండలకు పట్టీలును ఇన్సులినును చెడిపోవును. రిఫ్రిజిరేటరు లేని ఇంట తడిపిన మట్టికుండలో ఇన్సులిన్ సీసాను చల్లగా ఉంచవచ్చును. యంత్రము చూపు అంకెలో నూటికి పదునైదు వరకు హెచ్చుతగ్గులు ఉండుట సహజము. కనుక 142, 150 అను అంకెల నడుమ భేదమునకు కలతపడ నక్కరలేదు.

అంకెతోపాటు తేదీ, వేళ, పరగడుపా లేక భోజనమైన రెండు గంటలకా, ఏమి తిన్నారు అనునవి ఒక నోటుపుస్తకములో వ్రాయవలెను. పది రోజుల అంకెలు వరుసగా చూచిన వైద్యుడు ఒక్క అంకె చూచి చెప్పలేనిది చెప్పగలడు. ఎన్నిసార్లు కొలువవలెనో కూడ ఆయనయే నిర్ణయించును. ఇన్సులిన్ తీసికొనువారికి దినమునకు పలుమార్లు అవసరము. మాత్రలతో అదుపులో ఉన్నవారికి అన్నిసార్లు అక్కరలేదు.

ఉపాధ్యాయులకు తెలియవలసినది మరియొకటి ఉన్నది. మొదటి రకపు మధుమేహము పిల్లలకు కూడ వచ్చును. ఇన్సులిన్ తీసికొను విద్యార్థి తరగతిలో హఠాత్తుగా చెమటలు పట్టి, వణికి, మాట తడబడినచో, చక్కెర పడిపోయినదని అనుమానింపవలెను. స్పృహలో ఉన్నప్పుడే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించి, పదునైదు నిమిషముల తరువాత మరల కొలువవలెను. స్పృహ తప్పినచో నోట ఏమియు పోయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

మూడు పట్టణముల చుట్టుప్రక్కల పల్లెలలో అవ్వకు, తాతకు యంత్రములోని అంకె చదివి చెప్పువాడు తరచు బడికి పోవు మనుమడే. బెనెడిక్ట్ ద్రావణము ఇటుకరంగుకు ఎందుకు మారినదో ప్రయోగశాలలో చూచిన విద్యార్థి, ఇంటిలోని అంకెకు అర్థము చెప్పగలడు. ఆ అంకెను పుస్తకములో వ్రాసి, వచ్చే వారము అవ్వతో కూడ ఆసుపత్రికి ఆ పుస్తకమును తీసికొనిపోయినచో డాబ్సన్ నాడు మొదలైన పనిలో ఒక చిన్న భాగము ఆ ఇంటిలో పూర్తియగును.